ఇంజను లేని ఐదు డబ్బాలు

ఉప్పలమ్మ భర్త సాంసన్‌ను చంపిన రైలు డబ్బా మనిషి నడకకంటే మెల్లగా వచ్చింది.

రైల్వే మనిషి పట్టాల మీద చనిపోయాడంటే ఎక్స్‌ప్రెస్ గుద్దిందనే అనుకుంటారు. సాంసన్ సంగతి అట్లా కాదు. తొంభై ఎనిమిదిలో, యార్డులో ఒంటరిగా నిలబెట్టిన నిండు డబ్బా ఒకటి ఎవరూ నూకకుండానే కదిలింది. సాంసన్ పట్టాలు బాగు చేసే గ్యాంగులో పనివాడు. చేతికందిన కంకర రాయి తీసుకుని చక్రం ముందు పెట్టబోయాడు. రాయి పిండయింది. అంగీ చేయి చిక్కుకుంది. పక్కనున్న వాళ్లు తర్వాత ఉప్పలమ్మకు చెప్పిందొక్కటే, తప్పించుకునేంత సమయం అతనికి ఉండిందట. అతను తప్పించుకోవాలనుకోలేదు, ఆపుదామనుకున్నాడు.

అప్పటికి ఉప్పలమ్మకు ఇరవై ఆరేళ్లు. కురవి దగ్గర పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. నాలుగో తరగతిలో బడి మానింది. బిడ్డ మనీషాకు ఏడేళ్లు. ఆఫీసుల చుట్టూ రెండేళ్లు తిరిగాక భర్త ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. మొదట గ్యాంగులో సుత్తె పట్టింది. తర్వాత మానుకోట అవతల, నెల్లికుదురు దిక్కు పోయే ఒక చిన్న దారి పట్టాలను దాటే చోట గేటు డ్యూటీ వేశారు. ఒక గది, ఒక ఫోను, రెండు జెండాలు, చక్రాల కింద పెట్టే నాలుగు చెక్క దిమ్మెలు. ఫోనులో ఆమె మాట విని నవ్వే సూపర్‌వైజరు ఒకాయన ఉండేవాడు. "గట్లనే సారు" అని ఆమె అంటే అదే మాటను సాగదీసి పక్కవాళ్లకు వినిపించేవాడు. ఆమె మళ్ళీ అదే మాట, అదే గొంతుతో అనేది.

ఆ గేటు దగ్గర లైను వెడల్పాటి పళ్లెంలా ఉంటుంది. ఉత్తరం నుంచి దిగుతూ వచ్చి, గేటు దగ్గర అడుగు తాకి, దక్షిణానికి మళ్ళీ ఎక్కుతుంది. కంటికి ఆనని వాలు. నడిస్తే మన కాలికి తెలియదు. చక్రానికి తెలుస్తుంది.

రోజూ ఆ గేటు దాటేవాళ్లలో సోమేశ్వర్ సారు ఒకడు. సొంతూరు కొడకండ్ల. ఆ దారిలోనే ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాడు. గేటు పడితే బండి స్టాండు వేసి, గది నీడలో నిలబడి మాట్లాడేవాడు. ఒకసారి ఉప్పలమ్మే అడిగింది. ఇంజను గుంజుడు ఆపినంక కూడా గూడ్సు మైలు దూరం ఎందుకు పోతది సారూ అని. సోమేశ్వర్‌కు ఆ ప్రశ్న నచ్చింది. ఏ వస్తువైనా తనంతట తాను ఆగదని, ఏదో ఒకటి రాసుకుంటేనే ఆగుతుందని చెప్పాడు. నేల మీద బంతి తొందరగా ఆగడానికి నేల గరుకే కారణం. నున్నటి బండ మీద అదే బంతి ఇంకా దూరం పోతుంది. ఇనుము మీద ఇనుము పోతుంటే రాపిడి మరీ తక్కువ. చక్రం పట్టాను తాకే చోటు బొటనవేలి గోరంత. రాపిడే లేకపోతే కదిలింది కదిలినట్టే పోతూ ఉంటుంది.

"అయితే ఎప్పటికైనా ఆగుతది గద," అంది ఉప్పలమ్మ.

"ఆగుతది. రాపిడి ఎప్పుడూ పని చేస్తనే ఉంటది."

"ఎంతసేపటికి సారూ? గది గద తెల్వాల్సింది."

అది బరువును బట్టి, వేగాన్ని బట్టి అని చెప్పి ఆయన బండి ఎక్కాడు. గేటు లేచింది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి. బస్సులు ఆగాయి. భూపాలపల్లిలో బొగ్గుబాయి పని ఆగింది. అక్కడి కార్మికుడినే పెళ్లి చేసుకున్న మనీషా, భర్త సమ్మెలో ఉన్నాడని, ఆయన్ని కూడా తీసుకుని తల్లి దగ్గరికి వచ్చింది. నెలాఖరులో రైలు రోకో అన్నారు. రైల్వే వాళ్లు ముందే బండ్లు రద్దు చేశారు. తోవలో ఉన్న గూడ్సులను ఎక్కడి స్టేషన్లో అక్కడ నిలబెట్టారు. కొన్నింటికి ఇంజన్లు కూడా తీసేశారు.

పొద్దున తొమ్మిదికల్లా గేటు దగ్గర రెండు లైన్ల మీదా జనం కూర్చున్నారు. నూట యాభై మందికి తక్కువ ఉండరు. మైకు సోమేశ్వర్ సారు చేతిలో ఉంది. డప్పులు ఆగకుండా మోగుతున్నాయి. పట్టాల మధ్యనే రాళ్లు పేర్చి భూలక్ష్మి అనే ఆమె ఆధ్వర్యంలో ఆడవాళ్లు రెండు గుండిగల్లో అన్నం, పప్పు వండుతున్నారు. మనీషా వాళ్లతో కలిసి పొయ్యిలో కట్టెలు ఎగదోస్తోంది. ఉప్పలమ్మ డ్యూటీలో ఉంది కాబట్టి గది గడప దాటలేదు. కానీ తాగే నీళ్ల డ్రమ్ము తనే బయట పెట్టించింది. పట్టాలు మూడు నాలుగు గంటలు ఖాళీగా ఉండటం ఆమె పదేళ్లలో చూడలేదు. పైపొర మీద సన్నటి తుప్పు పట్టడం కూడా మొదలైంది. ఆమెకది బాగనిపించలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయేది.

పది దాటాక ఇద్దరు పోలీసులొచ్చి, బండి వస్తున్నది లేవండి అని బెదిరించారు. ఏ బండీ లేదని అందరికీ తెలుసు. జనం చప్పట్లు కొట్టి నవ్వారు. పోలీసులు వెళ్లిపోయారు.

పదకొండున్నరకు ఫోను మోగింది. ఉత్తరం వైపు స్టేషన్ నుంచి. అవతలి మనిషి గబగబా చెప్పాడు. నిలబెట్టిన గూడ్సులోంచి ఐదు డబ్బాలు విడిపోయి జారాయి. నిండుగా సిమెంటు బస్తాలున్నాయి. ఇంజను తీసి చాలా సేపైంది, గాలి బ్రేకు పట్టు వదిలేసింది, చేతి బ్రేకు ఎవరూ కట్టలేదు. నీ దిక్కే వస్తున్నాయి, జనాన్ని లేపు.

ఎప్పుడు జారినయని అడిగింది ఉప్పలమ్మ.

"మేం ఇప్పుడే చూసినం. ఎంతసేపైందో తెల్వదు," అన్నారు అవతల.

ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తింది. సోమేశ్వర్ సారు దగ్గరికి వెళ్లి ఉన్న సంగతి చెప్పింది. ఆయన ముఖంలో నమ్మకం, అనుమానం రెండూ కనిపించాయి. గంట కింద పోలీసులు కూడా ఇదే చెప్పారు కదక్కా, నీతో ఎవరన్నా చెప్పించారా అని మెల్లగా అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. రైల్వే మనిషి రైల్వే మాటే మాట్లాడుతుందని ఎవరో అన్నారు. ఉప్పలమ్మ ఉత్తరానికి చూసింది. అర కిలోమీటరు అవతల తుమ్మల వెనక లైను వంగుతుంది. అక్కడ ఏమీ లేదు. ఇంజను లేని డబ్బాలకు కూత ఉండదు. డప్పుల్లో ఇంకే చప్పుడూ వినపడదు. బతిమాలుతూ నిలబడితే ఒక్కొక్కరు లేచేసరికి ఎంతసేపవుతుందో ఆమె లెక్క వేసుకుంది.

జెండా కింద పడేసి పొయ్యి దగ్గరికి పోయింది. మనీషాను రెట్ట పట్టి లేపి పట్టాల కట్ట కిందికి తోసింది. తర్వాత ఉడుకుతున్న అన్నం గుండిగను రెండు చేతులతో నెట్టి, కాలితో తన్ని పట్టాల అవతలికి పొర్లించింది. మరిగే గంజి ఆమె కుడి పాదం మీద పడింది. అన్నమంతా కంకర మీద పోయింది.

ఒక్క క్షణం డప్పులు ఆగాయి. ఆ తర్వాత జనం లేచారు. కూర్చున్న వాళ్లు, పడుకున్న వాళ్లు, ఆడా మగా అందరూ. పొద్దుటి నుంచి పోలీసులు లేపలేని జనం అన్నం పారబోసిన మనిషి కోసం లేచారు. ఉప్పలమ్మ కట్ట దిగి కుంటుతూ గేటు గది దిక్కు పరుగెత్తింది. వాళ్లు వెంటపడ్డారు. గది గోడకు ఆనుకున్న చోట భూలక్ష్మి ఆమె జుట్టు పట్టింది. పిడికిళ్లు లేచాయి. ఒక దెబ్బ చెవి మీద పడింది. మనీషా అడ్డం వచ్చి, మా అమ్మకు పిచ్చి లేసింది, కొట్టకండి అని ఏడుస్తోంది.

లైను మీద సోమేశ్వర్ మిగిలాడు, లేవడానికి సత్తువలేని ముసలివాళ్లు ఇద్దరు మిగిలారు. తుమ్మల వెనక నుంచి గోధుమరంగు గోడ ఒకటి బయటికి రావడం ఆయనే చూశాడు. మైకు వదిలేసి ముసలివాళ్లను చెరొక చేత్తో పట్టి కట్ట మీది నుంచి కిందికి దొర్లించాడు, వాళ్లతోపాటు తానూ దొర్లాడు.

ఐదు డబ్బాలు వచ్చాయి. కూత లేదు, పొగ లేదు, ముందు మనిషి లేడు. పట్టాల అతుకుల మీద చక్రాలు టకటకమంటున్నాయి, అంతే. రెండో గుండిగ ఎగిరి గేటు స్తంభానికి తగిలి రేకులా నలిగింది. గాలికి జెండాలు లేచి పడ్డాయి. జనం కూర్చున్న చోటంతా ఆ డబ్బాలు తుడిచిపెట్టినట్టు దాటిపోయాయి.

భూలక్ష్మి చేయి ఉప్పలమ్మ జుట్టులోంచి జారింది. అందరూ దక్షిణానికి చూస్తున్నారు. డబ్బాలు వాలు ఎక్కుతూ చిన్నవవుతున్నాయి, మెల్లబడుతున్నాయి. చాలా దూరాన, ఎండలో, నిలబడిపోయాయి.

అప్పుడు ఒక్కసారిగా ఈలలు, కేకలు. కొందరు దండం పెట్టారు. ఇద్దరు ముగ్గురు పట్టాల మీదికి ఎక్కి చెదిరిన చెప్పులు, చెంబులు ఏరుకోసాగారు. సోమేశ్వర్ దుమ్ము కొట్టుకున్న బట్టలతో వచ్చి, అక్కా మమ్మల్ని మాఫ్ చెయ్, ఆగినయ్ ఇగ భయం లేదు అన్నాడు.

"ఆగలేదు సారూ," అంది ఉప్పలమ్మ. "జర చూడుండ్రి."

ఆయన చూశాడు. కాసేపు ఏ తేడా తెలియలేదు. తర్వాత దూరాన ఉన్న ఆ గోధుమరంగు చుక్క కొంచెం పెద్దదైంది. ఎక్కిన వాలు మళ్ళీ దిగుతోంది. పాఠం చెప్పే మనిషికి విడమరచనక్కర్లేదు. పళ్లెంలో వేసిన గోలీ లాగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ప్రతిసారి కొంచెం తక్కువ ఎత్తుకు. రాపిడి తన పని తాను చేస్తుంది. కానీ నాలుగువందల టన్నుల మీద ఆ పని ఎన్నిసార్లకు పూర్తవుతుందో, ఉత్తరాన ఇంకో ఊరి గేటు దగ్గర ఎవరు కూర్చున్నారో తెలియదు.

గేటు పక్కన దారి బాగు చేయడానికి పోసిన ఎర్రమొరం కుప్ప ఉంది. ఉప్పలమ్మ ఆ కుప్ప చూపించింది. ఇనుము నున్నగ ఉన్నంతసేపు అది పోతనే ఉంటది, గరుకు చేయాలె అంది. తట్టలు లేవు. వండటానికి తెచ్చిన గిన్నెలు, తాంబాళాలు, మైకు డబ్బా మూత, తలపాగాలు, కొంగులు, దేంట్లో పడితే దాంట్లో మొరం మోశారు. ఐదు నిమిషాల కింద ఆమెను కొట్టిన చేతులే అవి. రెండు పట్టాల మీదా వంద అడుగుల పొడవున మట్టి పోసి, ఆమె అరుపుతో అందరూ కట్ట దిగారు.

డబ్బాలు మట్టిలోకి వచ్చాయి. ఆ కీచు శబ్దాన్ని విన్నవాళ్లు ఇప్పటికీ పళ్లు జివ్వుమన్నాయనే చెప్తారు. కాలిన ఇనుము వాసన వచ్చింది, చక్రాల కింద నిప్పురవ్వలు, ఎర్రటి దుమ్ము లేచాయి. మట్టి దాటి ఉత్తరానికి పోయాయి. ఈసారి తుమ్మల దాకా కూడా చేరలేదు. నిలబడి, వెనక్కి తిరిగాయి. మళ్ళీ మట్టి పోశారు. మూడోసారి వచ్చేటప్పుడు డబ్బాలు మనిషి నడకంత వేగంతో వస్తున్నాయి. మట్టిలో అడుగుపెట్టాక అంత కూడా లేదు. మెల్లగా, చాలా మెల్లగా, చిన్నపిల్ల పక్కన నడిచి దాటిపోయేంత మెల్లగా కదులుతున్నాయి.

జనం దగ్గరికి రాబోయారు. పదిమంది భుజం పెడితే ఆగదా అన్నాడొకడు. ఉప్పలమ్మకు పొద్దుటి నుంచీ ఎప్పుడూ పడనంత భయం ఇప్పుడు పట్టుకుంది. ఉరికొచ్చేదాన్ని చూసి మనుషులు తప్పుకుంటారు. ఇట్లా వచ్చేదాన్ని చూసి దగ్గరికి పోతారు. చేతులు చాపి అందరినీ వెనక్కి నెట్టింది. ఆమె గదిలోంచి తెచ్చి కట్ట మీద పెట్టిన చెక్క దిమ్మెను సోమేశ్వర్ తీసుకున్నాడు.

"సారూ, వద్దు. మొత్తం నిలబడినంక పోదాం."

"నడకంత కూడ లేదు గదక్కా. ఇగో, పెట్టి వస్త."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని దిమ్మెను పట్టా మీద పెట్టాడు. చక్రం దాన్ని తాకింది. ఆగినట్టే కనిపించింది. తర్వాత దిమ్మె మొరం మీద జారింది, దాంతోపాటు ఆయన కుడిచెయ్యి జారింది. ఆయన అరవలేదు. చేయి లాక్కోవడానికి ఇంకా సమయం ఉందని అనుకుంటున్నట్టు దానివైపే చూస్తున్నాడు. ఉప్పలమ్మ వెనక నుంచి నడుము పట్టి తన ఒంటి బరువంతా వేసి గుంజింది. ఇద్దరూ కంకర మీద పడ్డారు. మూడు వేళ్లు అక్కడే మిగిలాయి.

డబ్బా ఇంకో రెండు బారలు పోయి నిలబడింది.

మనీషా తన చున్నీ చింపి సారు చెయ్యి గట్టిగా కట్టింది. కొందరు ఆయన్ని మోసుకుంటూ ఆటో దిక్కు పరుగెత్తారు. ఉప్పలమ్మ వెంట వెళ్లలేదు. బొబ్బలెక్కిన పాదంతో ఒక్కొక్క డబ్బా మెట్టెక్కి, ఐదింటి చేతి బ్రేకులూ చక్రం తిప్పి బిగించింది. మిగిలిన దిమ్మెలు రెండు వైపులా కొట్టింది. ఆ పని పూర్తయ్యేదాకా ఎవరినీ పది గజాల లోపలికి రానివ్వలేదు. అంతా అయ్యాక గదిలోకి పోయి ఫోనులో స్టేషన్‌కు చెప్పింది. ఏడ్చిందా అని ఎవరూ చూడలేదు.

మానుకోట దవాఖానలో కట్టు కట్టి సోమేశ్వర్‌ను వరంగల్ పంపారు. వేళ్లు అతకలేదు.

ఎంక్వైరీ నాలుగు నెలలు నడిచింది. చేతి బ్రేకు కట్టాల్సింది ఎవరో తేలలేదు. ఇద్దరు ముగ్గురి పేర్లు ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి మారుతూ పోయాయి. తేలింది ఉప్పలమ్మ సంగతే. ఫోను విడిచి గేటు వదిలిపోయింది, బయటి మనుషులతో లైను మీద మట్టి పోయించింది. ఆమెను పిలిచి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పింది. అధికారి ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. అయినా కాగితం మీద హెచ్చరిక రాసి జనగామ దగ్గరి గేటుకు బదిలీ చేశారు.

బయలుదేరే రోజు పొద్దున భూలక్ష్మి వచ్చింది. మూత కట్టిన గిన్నెలో అన్నం, పప్పు తెచ్చింది. ఇద్దరూ గది ముందు కూర్చుని తిన్నారు. కొట్టిన మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

జనగామకు వచ్చాక సోమేశ్వర్ రెండుసార్లు ఆమెను చూడటానికి వచ్చాడు. కొడకండ్లకు పోయేటప్పుడు దారిలోనే పడుతుంది. ఎడమచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకున్నాడు. అక్షరాలు వంకరగా వస్తే పిల్లలు నవ్వుతారని, నవ్వనిస్తానని చెప్పాడు. ఆమె మీద కోపం లేదు. తన మీదే ఉంది. "అన్నీ నాకు తెలుసక్కా. వేగం తగ్గుతదని తెలుసు, బరువు తగ్గదని తెలుసు. పిల్లలకు పదేండ్లు చెప్పిన. కండ్ల ముందర మెల్లగ వస్తుంటే మాత్రం, అయిపోయిందనిపించింది."

సాంసన్‌కు కూడా అట్లనే అనిపించి ఉంటుందని అప్పటిదాకా ఉప్పలమ్మ అనుకోలేదు. పదమూడేళ్లుగా ఆయన మూర్ఖంగా పోయాడనే కోపం ఆమెలో ఉండేది. ఆ రోజు తర్వాత ఆ కోపం పోయింది. దాని స్థానంలో వచ్చింది ఇంకా బరువైనది. మెల్లగా వచ్చేదాని దగ్గరికి ఎవరైనా పోతారు, చదివినవాళ్లు కూడా పోతారు.

సమ్మె అయ్యాక మనీషా, అల్లుడు భూపాలపల్లికి తిరిగి వెళ్లిపోయారు. అల్లుడు బాయిలో దిగిన ప్రతి షిఫ్టుకూ ఉప్పలమ్మ ఫోను చేసేది. వాలు మీద తాడుతో గుంజే బొగ్గు తొట్లు నిలబెట్టినప్పుడు దేంతో కట్టారని అడిగేది. అల్లుడు మొదట నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేసి, పొద్దున తానే ఫోను చేసి, కట్టినం అత్తమ్మా అని చెప్పేవాడు.

రెండువేల పద్నాలుగు ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు లోక్‌సభలో గట్టెక్కిన రోజు జనగామ గేటు దగ్గరికి ఊరేగింపు వచ్చింది. డప్పులు, గులాలు, జెండాలు, మోటారు సైకిళ్లు. సాయంత్రం నాలుగు గంటలు. సిగ్నల్ దగ్గర గూడ్సు బండి ఒకటి వస్తోందని గేటు వేసి ఉంది. జనం గేటు ఎత్తమన్నారు. ఈ రోజు కూడా ఆపుతావా అన్నారు. ఉప్పలమ్మ ఎత్తలేదు. కిందినుంచి దూరి వెళ్లబోయిన వాళ్లను జెండా కట్టెతో వెనక్కి కొట్టింది. ఒకాయన, నువ్వేం తెలంగాణ మనిషివి అని తిట్టాడు. ఆమె లైను దిక్కే చూస్తూ నిలబడింది.

గూడ్సు వచ్చింది. నలభై పైచిలుకు డబ్బాలు, ఒక్కటొక్కటిగా దాటాయి. చివరి డబ్బా వెనక గార్డు పచ్చజెండా ఊపాడు. అయినా ఆమె గేటు ఎత్తలేదు. బండి కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత అటువైపు, ఇటువైపు ఇంకోసారి చూసి, అప్పుడు గేటు చక్రం తిప్పింది. జనం ఒక్కసారిగా లోపలికి పొంగారు. ఇందాక తిట్టిన మనిషే ఆమె ముఖానికి గుప్పెడు గులాలు పూసి, డప్పు దిక్కు గంతులేసుకుంటూ పోయాడు. ఉప్పలమ్మ కొంగుతో కళ్లలో పడ్డ పొడి మాత్రం తుడుచుకుని, పట్టాల మీద ఎవరూ నిలబడిపోవద్దని అరుస్తూ వాళ్లను అవతలికి తోలసాగింది.